ఈదీ డబ్బు, తొలి ట్యాంకు నమూనా

గిద్దలూరు నుండి ఒక సోదరి ఉత్తరం వ్రాశారు. ఆమె పెద్ద కుమారునికి పన్నెండేళ్లు. రంజాను పండుగనాడు పెద్దలిచ్చిన ఈదీని ఖర్చు చేయకుండా దాచుకుని, దానితో ప్లాస్టిక్ ముక్కలు అతికించి కట్టుకునే యుద్ధ ట్యాంకు నమూనా ఒకటి తెప్పించమంటున్నాడట. భర్త మార్కాపురంలో పలకల పని చేస్తారు. ఆ సొమ్ముతో బడికి బూట్లు వస్తాయన్నది ఆయన మాట. విగ్రహాలు ఇంటికి తేవద్దన్నది అత్తగారి మాట. ఆ తల్లి బెంగ మాత్రం వేరు. పిల్లవాడు ఏడాదిగా ఫోనులోని ట్యాంకుల ఆటకు అతుక్కుపోయాడు. ఆ ఫోనును తనంతట తాను పక్కన పెట్టి మరొక వస్తువును అడగడం ఇదే మొదటిసారి. "కొనవచ్చునా? కొంటే ఏది కొనాలి?" అని అడిగారు.

ముందు పెద్దావిడ సందేహం చూద్దాం. అది తేలిగ్గా తీసివేయవలసినది కాదు. ప్రాణమున్న వాటి ప్రతిమలు చేయడం గురించి హదీసులలో గట్టి హెచ్చరికలు ఉన్నాయి. అయితే బొమ్మలు చేసి బ్రతికే ఒక వ్యక్తి హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) వద్దకు వచ్చినపుడు, ఈ వృత్తి తప్పదనుకుంటే చెట్లను, ప్రాణం లేని వస్తువులను చేసుకోమని ఆయన సలహా ఇచ్చినట్లు బుఖారీలో ఉంది. ట్యాంకు ఇనుప బండి. దానికి ప్రాణం లేదు. ఓడ నమూనాకు, మసీదు నమూనాకు ఏ అభ్యంతరం లేదో దీనికీ అంతే. పిల్లల ఆటవస్తువుల విషయంలో మరికొంత వెసులుబాటు కూడా కనిపిస్తుంది. హజ్రత్ ఆయిషా (ర.అన్హా) బాల్యంలో బొమ్మలతో ఆడుకున్నారు. వాటిలో రెక్కలున్న గుర్రం ఒకటి ఉండగా, దానిని చూసి దైవప్రవక్త (స) నవ్విన ఉదంతం అబూ దావూద్‌లో ఉంది.

చిక్కు వచ్చేది పెట్టెలోని సైనికుల బొమ్మలతో. చాలా ట్యాంకు నమూనాలలో గోపురం మూత తెరచి నిలబడే కమాండరు బొమ్మ ఒకటో రెండో ఇస్తారు. నేటి బొమ్మలపై ఉలమా అందరిదీ ఒకే మాట కాదు. కనుక జాగ్రత్తగా ఉండగోరే ఇంట్లో ఆ బొమ్మలను చట్రం నుండి కోయకుండా వదిలివేసి, ట్యాంకు మూతలు మూసి అతికిస్తే సరిపోతుంది. అన్నట్టు, కొత్తగా ఈ పని చేసేవారికి అన్నిటికంటే కష్టమైనది ఆ చిన్న ముఖాలకు రంగు వేయడమే. అత్తగారి మాట విన్నందువల్ల పిల్లవానికి పని తగ్గుతుంది.

ఇక తండ్రిగారి మాట. ఈదీ పిల్లవాని సొత్తు, తండ్రి దానికి సంరక్షకుడు. ఆ సొమ్ముతో ఆ పిల్లవానికే బూట్లు కొనడం అన్యాయమేమీ కాదు. కాని తాను దాచుకున్న డబ్బుతో తాను ఎంచుకున్న వస్తువును పొందడం పన్నెండేళ్ల వయసులో ఒక పాఠం కూడా. దుబారా చేయవద్దని దివ్య ఖుర్ఆన్ చెప్పింది నిజమే. అయితే దుబారా ఎక్కడ మొదలవుతుందన్నది ఏ పెట్టె కొంటున్నామన్నదాని మీద ఉంది. అందుకే ఎంపిక గురించి కాస్త వివరంగా వ్రాస్తున్నాను. బూట్లకూ మిగిలేలా ఎంచుకోవచ్చు.

నమూనా పెట్టెల మీద 1/35, 1/72 వంటి అంకెలు ఉంటాయి. 1/35 అంటే అసలు బండిలోని 35 సెంటీమీటర్లు నమూనాలో ఒక సెంటీమీటరు. ఆరు మీటర్ల పొడవున్న ట్యాంకు 1/35లో సుమారు 17 సెంటీమీటర్లు, 1/72లో ఎనిమిదికి కాస్త ఎక్కువ వస్తుంది. మొదటిది రెండు చేతుల్లో పట్టేంత, రెండవది అరచేతిలో ఇమిడేంత. ఈ 35 అన్న వింత అంకెకు కారణం జపానుకు చెందిన తమియా సంస్థ. 1960ల ఆరంభంలో వారు చేసిన పాంథర్ ట్యాంకు నమూనాలో మోటారు, బ్యాటరీలు పట్టవలసి వచ్చింది. వాటికి తగ్గట్టు బండి కొలత కుదుర్చుకోగా అది దాదాపు ముప్పై అయిదవ వంతు అయింది. తరువాత ప్రపంచమంతా ఆ కొలతనే పట్టుకుంది.

కొత్తవారు పెట్టె మీది రంగుల చిత్రం చూసి మోసపోతారు. చూడవలసినది చక్రాలను. ట్యాంకు నమూనాలో సగం శ్రమ చక్రాలదే. జర్మనీవారి టైగర్ ట్యాంకు చూడడానికి గంభీరంగా ఉంటుంది గాని, దాని చక్రాలు ఒకదానిపై ఒకటి వరుసలుగా దూరి ఉంటాయి. అన్నీ కోసి, నునుపు చేసి, వరుస తప్పకుండా ఎక్కించేసరికి పిల్లవాని ఓపిక అడుగంటుతుంది. రష్యావారి T-34కు, T-55కు పక్కకు అయిదేసి పెద్ద చక్రాలు మాత్రమే ఉంటాయి. పైన గొలుసును మోసే చిన్న చక్రాలు కూడా లేవు. రెండవది చూడవలసినది గొలుసు. కొన్ని పెట్టెలలో గొలుసు ఒక్కొక్క లంకెగా విడివిడిగా వస్తుంది. కొన్నిటిలో రబ్బరు పట్టీలా ఒకే ముక్కగా వస్తుంది. మొదటిసారికి పట్టీయే మేలు. మూడవది, ఇత్తడి రేకు ముక్కలు ఉన్న పెట్టె జోలికి పోవద్దు. అవి చేయి తిరిగినవారికి.

నన్ను అడిగితే మొదటి నమూనాగా రష్యా సంస్థ జ్వెజ్దా చేసే 1/72 కొలత T-34 చెబుతాను. ముక్కలు తక్కువ. జిగురు లేకుండా నొక్కితే అమరుతాయి. ధర పెద్ద నమూనా ధరలో చిన్న భాగమే. కనుక బూట్ల మాట కూడా నెగ్గుతుంది. అది పూర్తిచేసి పిల్లవానికి ఇంకా ఆసక్తి ఉంటే, తరువాతి పండుగకు తమియావారి 1/35 T-55 తెప్పించవచ్చు. 1971 యుద్ధంలో మన సైన్యం నడిపిన ట్యాంకులలో T-55 ఒకటి. దాని మొదటి చక్రానికీ రెండవ చక్రానికీ నడుమ మిగతావాటికంటే ఎక్కువ ఎడం ఉంటుంది. పిల్లవాడు ఆ గుర్తు పట్టగలిగితే ఫొటోలో చూసి కూడా ఏ ట్యాంకో చెప్పగలడు.

మన తెలుగు నేల మీద తయారయ్యే బండే కావాలంటాడేమో. అదీ ఉంది. సంగారెడ్డి దగ్గర ఎద్దుమైలారంలో 1984లో నెలకొల్పిన మెదక్ ఆయుధ కర్మాగారం నుండి 'శరత్' అనే BMP-2 వాహనాలు వస్తాయి. అది సరిగ్గా ట్యాంకు కాదు, గొలుసుల మీద నడుస్తూ సైనికులను మోసే సాయుధ వాహనం. నీటిలో ఈదగలదు కూడా. కంభం చెరువునైనా దాటేస్తుందని చెబితే పిల్లవాడు సంతోషిస్తాడు. దీనికి జ్వెజ్దావారి 1/35 నమూనా ఉంది. కాని చక్రాలు పక్కకు ఆరు, చిన్న ముక్కలు ఎక్కువ. మూడవ నమూనాకు ఉంచుకోవాలి.

కంభం చెరువు ప్రస్తావన వచ్చింది కనుక ఒక మాట. పాత ఆంగ్ల పత్రాలలో దానిని కంభం ట్యాంక్ అనే వ్రాశారు. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో ఆంగ్లేయులు ఈ ఇనుప బండిని రహస్యంగా తయారుచేస్తూ, ఎవరైనా అడిగితే నీళ్ల తొట్లు అని చెప్పేందుకు ట్యాంక్ అన్న పేరు పెట్టారు. 1916 సెప్టెంబరు 15న ఫ్రాన్సులో సోమ్ పోరులో అది మొదటిసారి బయటికి వచ్చింది. నీళ్లను నిలిపే దాని పేరు మనుషులను తొక్కే దానికి అంటుకుని, ఇక విడిపోలేదు.

మనుషులను తొక్కే దాన్ని ఇంట్లో అలంకరించుకోవాలా అన్న ప్రశ్న ఆ తల్లి వ్రాయలేదు గాని, వరుసల మధ్య అది నాకు వినిపించింది. గాజా వీధులలో ట్యాంకులు తిరగడం మన పిల్లలు ఫోనులోనే చూశారు. ఫోనులోని ఆటలో మాత్రం ట్యాంకు పేలితే మరుక్షణం కొత్త ట్యాంకు వస్తుంది. ఎవరూ చావరు, ఎవరి ఇల్లూ కూలదు. నమూనా కట్టేవాడు అలా ఉండలేడు. ఇది ఎవరిది, ఎక్కడ నడిచింది, ఎదుట ఎవరున్నారు అని తెలుసుకోనిదే దానికి రంగు ఏదో, అంకె ఏదో తేల్చలేడు. జర్మన్ ట్యాంకు కొంటే హిట్లరు సైన్యం చేసిన దారుణాలు కూడా ఆ పెట్టెతో పాటు ఇంట్లోకి వస్తాయి. వాటిని చెప్పే బాధ్యత పెద్దలది. ఈ కారణంగా కూడా మొదటి నమూనాగా టైగర్ వద్దంటాను.

పిల్లవానికి హవల్దార్ అబ్దుల్ హమీద్ గురించి తప్పక చెప్పండి. ఉత్తర ప్రదేశ్ గాజీపూర్ జిల్లా ధామూపూర్ ఆయన ఊరు. 1965 సెప్టెంబరులో పంజాబు ఖేమ్‌కరణ్ దగ్గర అసల్ ఉత్తర్ పోరులో, చెరకు తోటల చాటున జీపు మీద అమర్చిన ఫిరంగితో పాకిస్తాను పాటన్ ట్యాంకులను ఒకదాని తరువాత ఒకటి ధ్వంసం చేశారు. సెప్టెంబరు 10న ఆ పోరులోనే అమరులయ్యారు. పరమవీర చక్ర లభించింది. ఆ పోరులో మనవారు పొలాలకు నీళ్లు వదలగా ఎన్నో ట్యాంకులు బురదలో కూరుకుపోయాయి. పట్టుబడిన వాటిని పెట్టిన చోటికి పాటన్ నగర్ అని పేరు వచ్చింది. ట్యాంకు ముందు ఆ జీపు ఎంత చిన్నదో పిల్లవాడు తన నమూనా పక్కన అదే కొలతలో ఒక జీపును పెట్టి చూసుకుంటే అప్పుడు అర్థమవుతుంది.

పనిలో ఉన్న విలువ వేరే చెప్పాలా? హజ్రత్ దావూద్ (అ) కోసం ఇనుమును మెత్తబరచి, కవచపు కడియలను సరైన కొలతతో కూర్చమని అల్లాహ్ ఆయనను ఆదేశించిన విషయం సబా సూరాలో 10, 11 ఆయతులలో ఉంది. ఒక ప్రవక్తకు లంకెల కొలత గురించి ఆదేశం! గొలుసు లంకెలు వంకరపోతున్నాయని పిల్లవాడు విసుక్కున్నపుడు ఆ ఆయతులు చదివి వినిపించండి.

జాగ్రత్తలు మూడు నాలుగు ఉన్నాయి. 1/35 నమూనాకు వాడే జిగురు ప్లాస్టిక్‌ను కరిగించి అతికిస్తుంది. దాని ఆవిరి మంచిది కాదు. మూసిన గదిలో, పెద్దలు లేనపుడు ఆ సీసా తెరవకూడదు. జిగురు వాసనకు అలవాటుపడే పిల్లల గురించి మీరూ విని ఉంటారు. మొదటిసారి జిగురు లేని నమూనా చెప్పడానికి ఇది ముఖ్య కారణం. ముక్కలను చట్రం నుండి విరవకూడదు. చిన్న కటింగ్ ప్లయర్‌తో కాస్త ఎడంగా కోసి, మిగిలిన మొనను ఉప్పుకాగితంతో రుద్దాలి. ఆ కాగితాన్ని నీళ్లలో తడిపి రుద్దాలి, పొడిగా రుద్దితే ధూళి లేస్తుంది. పలకల పని చేసే తండ్రికి ధూళి ఊపిరితిత్తులను ఏం చేస్తుందో నేను చెప్పనక్కరలేదు. అసలు ఈ రుద్దే పని ఆయనే నేర్పడం మంచిది. రాతి అంచును నునుపు చేసే చేతికి ప్లాస్టిక్ ఒక లెక్క కాదు. బూట్ల విషయంలో ముభావంగా ఉన్న తండ్రీ కొడుకులు ఒక పళ్లెం నీళ్ల దగ్గర కూర్చున్నా మాటలు కలుస్తాయి. ఇంట్లో పాకే బిడ్డ ఉంటే మాత్రం ముక్కలన్నీ మూతపెట్టిన డబ్బాలో ఉండాలి.

రంగుకు నీటితో కలిపే అక్రిలిక్ చాలు, ముదురు ఆకుపచ్చ ఒక్కటే. చక్రాలకు ముందు రంగు వేసి, ఆరిన తరువాతే బండికి ఎక్కించాలి. మన ప్రాంతపు ఎండలో ఆ రంగు కుంచె మీదే ఆరిపోతుంది కనుక మధ్యాహ్నం పెట్టుకోవద్దు. ఫజర్ నమాజు తరువాత ఒక గంట చల్లగా ఉంటుంది, ఆ వేళ కూర్చోమనండి.