ఎర్రబట్టల దయ్యం, చిత్తుకాగితాల దేవుడు

జగిత్యాలలో ఒక సాహిత్య సభ ముగిసి అందరం చాయ్ తాగుతున్నాం. నా సంచిలోంచి తొంగిచూస్తున్న పుస్తకాన్ని ఒక పెద్దమనిషి లాగి చూశాడు. అట్ట మీద పొడవాటి జుట్టున్న ఇద్దరు మగవాళ్లు, ఒకడు తెల్లబట్టల్లో, ఒకడు ఎర్రబట్టల్లో. వెనక అట్ట చదివాక ఆయన మొహం ముడుచుకుపోయింది. “ఏందమ్మా, ఇంత వయసొచ్చి గిసొంటివి సదువుతవా? దీంతోని సమాజానికి ఏం ఒరుగుతది?”

ఏమీ ఒరగదు సార్. నాకు ఒరుగుతుంది. నేనూ సమాజంలోని మనిషినే కదా.

ఆ రోజు ఆ మాట నోటిదాకా వచ్చి ఆగిపోయింది. అందుకే ఇప్పుడు రాస్తున్నాను. ఆ పుస్తకం ‘హెవెన్ అఫీషియల్స్ బ్లెస్సింగ్’. మో షియాంగ్ టోంగ్ షియు అనే కలం పేరుతో చైనా రచయిత్రి ఒకామె 2017లో ఇంటర్నెట్‌లో సీరియల్‌గా మొదలుపెట్టింది. 2021 చివరి నుంచి ఇంగ్లిష్‌లో 8 సంపుటాలుగా వచ్చింది. కథానాయకుడు షియె లియాన్ ఒకప్పటి యువరాజు. మూడుసార్లు స్వర్గానికెక్కి, రెండుసార్లు అక్కడి నుంచి గెంటించుకున్న దేవుడు. ఇప్పుడు గుడి లేదు, భక్తుల్లేరు, చిత్తుకాగితాలూ పాత సామానూ ఏరుకుని బతుకుతాడు. అతని వెంట హువా చెంగ్. ఎర్రబట్టలు, ఒంటికన్ను, దయ్యాలకు రాజు. పసివాడిగా ఉన్నప్పుడు ఉత్సవంలో కోటగోడ మీది నుంచి పడిపోతుంటే యువరాజు ఎగిరొచ్చి పట్టుకున్నాడు. ఆ ఒక్కటి గుర్తుపెట్టుకుని 800 ఏళ్లు వెతికాడు. ఈ ఇద్దరి ప్రేమే కథ. దేవుడు వండిన వంట నోట్లో పెట్టుకోలేం, దయ్యం లొట్టలేసుకుంటూ తింటాడు. దయ్యం చేతిరాత కుక్క గీరినట్టుంటుంది, దేవుడు పక్కన కూర్చుని దిద్దిస్తాడు. ఈ రెండు చోట్లా నేను పగలబడి నవ్వాను. ఆ తర్వాత వాళ్ల రాజ్యం కూలిపోయే భాగంలో రెండు రాత్రులు నిద్రపట్టలేదు.

దేవుడి ఆయుధం ఏమిటో తెలుసా? ఒక గుడ్డపేలిక. తెల్లటి పట్టుపట్టీ, ప్రాణమున్నది, పాములా చుట్టుకుని కొడుతుంది. సిరిసిల్లకు కోడలిగా వచ్చి, పొద్దస్తమానం బట్టలు నేసే సాంచాల చప్పుడు వింటూ బతుకుతున్నదాన్ని. గుడ్డను ఆయుధం చేసిన కథ నాకు నచ్చకపోతే ఇంకెవరికి నచ్చుతుంది?

“ఇది మన సంస్కృతి కాదు” అన్నది పెద్దమనిషి రెండో బాణం. సార్, సిరిసిల్ల నుంచి వేములవాడ ఎంత దూరం? బస్సెక్కి సీటు దొరికేలోపు దిగాలి. శ్రీరామనవమి నాడు రాజన్న గుడి దగ్గర నిలబడండి. అటు సీతారాముల కల్యాణం జరుగుతుంటే ఇటు శివపార్వతులని పిలిచే భక్తులు, హిజ్రాలు త్రిశూలం పట్టుకుని, తలంబ్రాలు చల్లుకుని శివుణ్ణి పెళ్లాడతారు. అదే గుడి ఆవరణలో దర్గా. కార్తీకంలో కోరుట్ల బజారులో నల్లబట్టలు కట్టి “హరిహరసుతుడా” అని పిలుస్తూ నడిచే స్వాములను ఆపి ఆ పేరుకు అర్థం అడగండి. హరికీ హరుడికీ కొడుకు. భక్తిలో వినసొంపుగా ఉన్నది నవల్లోకి రాగానే విదేశీ రోగం అయిపోతుందా?

అయినా పరాయి కథలంటే మనకెప్పుడు వెగటు? బెంగాలీ నవలాకారుడు శరత్‌బాబును తెలుగువాడే అనుకున్న జాతి మనది. రష్యా నవలలను విశాలాంధ్రలో కొని, నోరు తిరగని పేర్లతో సహా నమిలి మింగాం. అప్పుడెవరూ ‘ఇది మన సంస్కృతి కాదు’ అనలేదు.

సభల్లో నాకు అంతకంటే ఒళ్లు మండించేది ఇంకోటుంది. కొంచెం ఉదారవాదులమనుకునేవాళ్ల వైఖరి. “ఆ విషయం మీద రాయొచ్చు, తప్పేం లేదు. అయితే వాళ్ల బాధ రాయాలి” అంటారు. వాళ్ల బాధ! ఇద్దరు మగవాళ్లు ప్రేమించుకుంటే చివర్లో ఒకడు ఉరేసుకోవాలి, లేకపోతే డాక్టరు దగ్గర కూర్చుని ఏడవాలి, అప్పుడే మనం కళ్లు తుడుచుకుని చప్పట్లు కొడతాం. సినిమాలో అయితే నడుం ఊపించి నవ్వుతాం. ఏడిపించడానికైనా నవ్వించడానికైనా పనికొస్తారు గానీ కత్తి పట్టి కొండ దూకడానికి, రాక్షసుణ్ణి చంపి పక్కవాడి భుజం మీద తల పెట్టి పడుకోవడానికి పనికిరారన్నమాట. మడుగు దాటి రాకుమారిని తెచ్చే కథ చందమామలో ఎన్నిసార్లు వచ్చినా “దీని ప్రయోజనమేమి” అని ఒక్కరైనా అడిగారా? ఈ జంట దగ్గరే ప్రయోజనం గుర్తొస్తుంది.

ఆడవాళ్లు ఆశపడి చదివే ప్రతిదాన్నీ ఇట్లాగే తూకం వేశారు. యద్దనపూడి ‘సెక్రటరీ’ని దిండు కింద దాచుకుని చదివిన తరాన్ని ఎంత వెక్కిరించారో నాకు తెలుసు. ఈ చైనా నవలల జాతిని డాన్మే అంటారు. రాసేదీ, చదివేదీ ఎక్కువగా ఆడవాళ్లే. అందుకే ఈ ఈసడింపు నాకు కొత్తగా అనిపించలేదు, పాత గొంతే.

చైనాలోనూ ఏమంత సుఖంగా లేదు. ఇదే రచయిత్రి మరో నవలను 2019లో ‘ది అన్‌టేమ్డ్’ అని టీవీ సీరియల్ తీసినప్పుడు ప్రేమను చెరిపేసి, ఒకరి మనసు ఒకరెరిగిన స్నేహితులుగా మార్చారు. మన దగ్గర చెప్పే “ఆళ్లు దోస్తులే” అన్నమాట! ఆ ఒక్క ముక్కతో ఎన్ని ఇళ్లలో ఎన్ని బతుకులు మూసిపెట్టాం.

జగిత్యాల గడ్డ మీద ఆ పెద్దమనిషి మాట వినాల్సి రావడమే నా కోపం. 1978 సెప్టెంబరు 7న రైతుకూలీలు దొర గడీకి ఎదురు నడిచిన జైత్రయాత్ర ఊరు ఇది. ఆ తర్వాత సరిగ్గా నలభై ఏళ్లకు ఒక్కరోజు తక్కువ, 2018 సెప్టెంబరు 6న, సుప్రీంకోర్టు 377 సెక్షన్ కోరలు పీకింది. ఇద్దరు వయోజనులు ఇష్టపడి దగ్గరైతే నేరం కాదన్నది. పెళ్లి హక్కు మాత్రం 2023 అక్టోబరు 17న ఇవ్వలేదు. ఆ కేసులో కోర్టు మెట్లెక్కిన జంట హైదరాబాద్‌లో ఉండే సుప్రియో చక్రవర్తి, అభయ్ డాంగ్. మన రాజధానిలోనే! వాళ్లు తలంబ్రాలు పోసుకుంటే చట్టం చూడనట్టుంటుంది, వాళ్లలాంటి జంట కథను నేను చదివితే మీరు చూడలేకపోతారు. దొరలను ఎదిరించినవాళ్లు ఇంట్లో దొరతనం వదల్లేదంటే, నడక సగంలోనే ఆగిందనుకుంటాను.

మొన్న కోరుట్లలో అమ్మ దగ్గరికి పోయాను. అమ్మ ఇప్పటికీ చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చేస్తుంది. చిన్నప్పుడు వాడకట్టు ఆడవాళ్లంతా తునికాకు కత్తిరిస్తుంటే వారపత్రిక సీరియల్ చదివి వినిపించేదాన్ని. ఆ అలవాటు కొద్దీ ఈ కథను నా తెలుగులో చెప్పడం మొదలుపెట్టాను. ఇద్దరూ మగవాళ్లేనని ముందే చెప్పాను. అమ్మ దారం చుట్టి తల ఊపింది, అంతే. హువా చెంగ్ ఎన్నేళ్లు వెతికాడో చెప్పినప్పుడు మాత్రం చేతులు ఆగాయి.

“ఎనమిది నూర్ల ఏండ్లా?” అంది. “మీ నాయిన దుబాయి పోయి పదహారేండ్లకే ఇంటి తొవ్వ మర్సిపాయె.”

చాటలో ఆకులు సర్దుకుంటూ కాసేపు ఊరుకుంది. నేను పుస్తకం పక్కన పెట్టబోయాను.

“ఆపినవేందే? గా ఎర్రంగి పిలగానికి ఆయన దొరికిండా లేదా?”