యువజనుల పరపతి

అప్పు పుట్టించుకొను శక్తిని మన భాషలో పరపతి యందురు. పలుకుబడికిని ఆ మాటయే వాడుదురు. నిన్నమొన్నటివఱకు పల్లెటూరి షావుకారు ప్రోనోటు వ్రాయించుకొనుటకు ముందు ఋణము కోరువాని యింటిపేరును, వాని తండ్రి మాట నిలుకడను, కాలువ క్రింద ఎన్ని యెకరములు గలవో దానిని విచారించెడివాడు. ఇరువదేండ్ల కుఱ్ఱవానికి స్వంత పరపతి యను ప్రసక్తియే లేకుండెను. తండ్రి పరపతియే వాని పరపతి. నేడా పరిస్థితి మాఱినది. ఇరువదిరెండేండ్ల యువకుడు ఋణమునకై బ్యాంకునకు పోయినచో, అచ్చటి ఉద్యోగి వాని తండ్రి మాగాణి మాట అడుగుటకు ముందే వాని పాను సంఖ్యను యంత్రమున వేసి మూడంకెల మార్కు నొకదానిని చూచుచున్నాడు. ఆ మార్కును గూర్చి తండ్రికి తెలియదు. పెక్కు యిండ్లలో కుమారునకును తెలియదు. మన పెద్దలు ఈ విషయమున చూపుచున్న ఉపేక్ష తగినది కాదని మేము తలంచుచున్నాము.

ఈ మార్కు ఎచ్చటనుండి వచ్చినది? 2000వ సంవత్సరమున సిబిల్ అను సంస్థ బొంబాయిలో స్థాపితమైనది. ఋణసమాచార సంస్థలను గూర్చి పార్లమెంటు 2005లో చట్టము చేసినది. నేడు సిబిల్, ఈక్విఫాక్స్, ఎక్స్‌పీరియన్, క్రిఫ్ హైమార్క్ అను నాలుగు సంస్థలు రిజర్వు బ్యాంకు అనుమతితో దేశములోని ఋణగ్రహీతల ఆవర్జాలను వ్రాయుచున్నవి. (ఈ నాలుగింటి వెనుకను విదేశ సంస్థలుండుట ఆలోచింపదగిన విషయమే కాని, నేటి ప్రస్తావన వేఱు.) బ్యాంకులును, ఫైనాన్సు కంపెనీలును తమ ఖాతాదారులు ఏ వాయిదాను ఏనాడు చెల్లించిరో, ఎన్ని దినములు ఆలస్యము చేసిరో వీనికి తెలుపుచుండవలెను. 2025 జనవరి 1వ తేదీనుండి పక్షమునకొక మారైనను తెలుపవలెనని రిజర్వు బ్యాంకు విధించినది. దానినిబట్టి 300 మొదలు 900 వఱకు మార్కు వేయుదురు. ప్రోనోటుపై చెల్లు పడకుండ మూడేండ్లు గడచినచో కాలదోషము పట్టును. ఈ ఆవర్జాలోని వ్రాత యేడేండ్లకు తక్కువ గాకుండ నిలుచును. పూర్వము బాకీ యెగవేసి ఊరు మాఱినవానికి క్రొత్త యూరిలో క్రొత్త షావుకారు దొరకెడివాడు. నేడు గుంటూరిలో తప్పిన వాయిదా హైదరాబాదులోను, బెంగుళూరులోను గూడ కనబడును.

లెక్కలో అన్నిటికంటె బరువైనది వాయిదా తప్పకుండుట. కార్డుపై నిచ్చిన పరిమితిలో ఎంత భాగము వాడుచున్నారన్నది పిదపది. మూడవ వంతునకు మించి వాడకుండుట మేలని ఎఱిగినవారు చెప్పుదురు. ఖాతా పాతబడినకొలది నమ్మకము పెరుగును. ఒక్క నెలలో నాలుగు చోట్ల దరఖాస్తు పెట్టినవాడు డబ్బునకు కటకటపడుచున్నాడని తలంతురు. జీతమెంత, ఆస్తి యెంత అన్నది ఈ మార్కులో చేరదు. ఇరువది యెకరముల మాగాణి గల ఆసామి కుమారుడు సెల్‌ఫోను వాయిదాలు మూడు మఱచిపోయినయెడల, నెలకు పదునెనిమిదివేల జీతముపై క్రమముగా చెల్లించుకొనుచున్న వానికంటె తక్కువ మార్కు తెచ్చుకొనును. భూస్వాములకిది అవమానముగా తోచవచ్చును. మాకిందులో కొంత న్యాయమే కనబడుచున్నది.

అసలు ఋణమే చేయనివాని మాట యేమి? తమ బిడ్డ ఒకరి రూపాయి ముట్టి యెఱుగడని గర్వించు తండ్రి, బ్యాంకులో ఆ మాటకు మార్కు లేకుండుట చూచి నివ్వెఱపోవును. ఆవర్జాలో పేరే లేనివాని గూర్చి మంచిగాని చెడ్డగాని చెప్పుటకేమియు నుండదు. పూర్వచరిత్ర లేదన్న ఒక్క కారణముచేత మొదటి ఋణము నిరాకరింపరాదని రిజర్వు బ్యాంకు 2025 జనవరి 6వ తేదీ ఆదేశములలో తెలిపియున్నది. ఐనను చరిత్ర గలవాడును లేనివాడును ప్రక్కప్రక్కన నిలిచినపుడు ఇచ్చువాని చూపు ఎవనివైపు మొగ్గునో చెప్పనక్కఱలేదు. కావున ఉద్యోగములో చేరిన తొలి సంవత్సరముననే కొద్దిపాటి ఖాతా తెఱచుట యుక్తము. బ్యాంకులో పదియో పదునైదో వేలు డిపాజిట్టు వేసి, దాని పూచీపై ఇచ్చు కార్డును తీసుకొని, ఎట్లును కొనవలసిన సరకులు దానిపై కొని, బిల్లు వచ్చిన నెలలోనే పూర్తిగా చెల్లించినచో వడ్డీ పైసయు పడదు, చరిత్ర యేర్పడును.

కొద్ది మొత్తముతో మొదలిడి పరపతి కట్టుకొనుట మన యిండ్లలో క్రొత్త విద్య కాదు. తండ్రులకంటె తల్లుల కిది యెక్కువగా తెలియును. స్వయంసహాయక సంఘములను బ్యాంకులతో చేర్చు పథకమును నాబార్డు 1992లో ఆరంభించినది. మన జిల్లాలలో డ్వాక్రా సంఘములను పేర నది వాడవాడలకు వచ్చినది. పదిమంది స్త్రీలు చేరి నెలనెల పొదుపు చేసి, ఆ పొదుపునుండియే మొదట కొద్ది మొత్తములు తమలో తాము ఇచ్చిపుచ్చుకొని, పుస్తకము వ్రాసి, ఆ పుస్తకమును చూపి బ్యాంకువద్ద చిన్న ఋణము తెచ్చి, అది తీర్చినపిదప పెద్ద ఋణము తెచ్చిరి. పొలము తనఖా లేదు, నగలు కుదువ లేవు. ఒక్కతె వాయిదా తప్పిన సంఘమంతటికిని మచ్చ. ఇంజనీరింగు చదివిన కుమారునకు తన కార్డు బిల్లు గడువు ఏనాడో తెలియకపోవచ్చునుగాని, వాని తల్లికి సంఘపు వాయిదా తేదీ తెలియకుండుట అరుదు. ఇచ్చువారికి అదుపు లేనపుడు ఈ స్త్రీలే యెట్లు నలిగిపోయిరో కూడ మనము చూచితిమి. సూక్ష్మఋణ సంస్థలు ఒకరిపై నొకరు పోటీపడి అప్పులు కుమ్మరించి, వసూళ్లలో అవలంబించిన రీతుల కడ్డుకట్ట వేయుటకై అప్పటి ఆంధ్రప్రదేశ ప్రభుత్వము 2010 అక్టోబరులో ఆర్డినెన్సు తేవలసివచ్చినది.

ఆ కుమ్మరింపు నేడు యువకులవైపు తిరిగినది. నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీ యనిన మన రైతు ముఖము చిట్లించును. మూడు రూపాయలనిన మాటాడక గడప దిగి వచ్చును. అతని కుమారుడు నగరములో నూటికి మూడున్నర రూపాయల వడ్డీ నిచ్చుచు, ఇచ్చుచున్నట్లే యెఱుగకున్నాడు. బిల్లులో కనీసము చెల్లింపవలసిన మొత్తమని యొకటి అచ్చు వేయుదురు. అది చెల్లించిన చాలునని వాడు నమ్మును. ఏబదివేల బాకీకి నూటికి అయిదు చొప్పున రెండువేల అయిదువందలు చెల్లించినాడనుకొందము. మూడున్నర చొప్పున నెల వడ్డీ 1,750 రూపాయలు. ఆ వడ్డీపై నూటికి పదునెనిమిది చొప్పున జి.ఎస్.టి. 315 రూపాయలు. అసలుకు జమపడినది 435 రూపాయలే. పైగా పాత బాకీ నిలిచియుండగా క్రొత్తగా కొన్న సరకులకు గడువు దినముల సదుపాయము పోయి, కొన్ననాటినుండియే వడ్డీ నడచును. కార్డు బాకీలపై సాలుకు నూటికి ముప్పదికి మించి వడ్డీ గుంజుట అన్యాయమని జాతీయ వినియోగదారుల కమిషను 2008లో తీర్పు చెప్పినది. 2024 డిసెంబరు 20న సుప్రీముకోర్టు ఆ తీర్పును కొట్టివేసినది. షావుకారుల వడ్డీపై చట్టములు కోరి పోరాడిన దేశమున కార్డు వడ్డీకి పరిమితి లేకుండుట మాకు సమ్మతము కాదు. చట్టమట్లుండగా, బిల్లు పూర్తిగా చెల్లింపలేనివాడు కార్డును వాడకుండుటయే ప్రస్తుతమునకు గల రక్ష.

ఫోను యాపుల అప్పు దీనికంటె క్రూరమైనది. 2020 సంవత్సరాంతమున తెలంగాణములో కొందఱు యువజనులు ఇట్టి యాపులవారి వేధింపులకు తాళలేక ప్రాణములు తీసికొన్న వార్తలు పాఠకులు మఱచియుండరు. రుణము కొద్దివేలు, గడువు కొద్ది దినములు, గడువు దాటిన వెంటనే ఫోనులోని పేర్లన్నిటికిని, అక్కకు, మామకు, పై అధికారికి నిందావాక్యములు పోయినవి. పోలీసులు హైదరాబాదులో అరెస్టులు చేసిరి. 2022 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు నిబంధనలు చేసి, ఋణము నేరుగా కోరినవాని ఖాతాలోనే పడవలెననియు, యాపువారు ఫోనులోని పేర్ల పట్టికను తాకరాదనియు శాసించినది. తమ అదుపులోని సంస్థలు నడుపు యాపుల పట్టికను 2025 జూలై 1 నుండి తన వెబ్‌సైటులో ఉంచినది. ఆ పట్టికలో లేని యాపువద్ద అప్పు చేయుట దారినపోవు వానికి ఖాళీ కాగితముపై వ్రేలుముద్ర వేసి యిచ్చుట వంటిది.

ఇక పెద్దలు స్వయముగా చేయుచున్న హాని యొకటి కలదు. తమకు అప్పు పుట్టనపుడు కుమారుని పేర ట్రాక్టరో, మోటారుకారో ఫైనాన్సుకు తెచ్చి, పంట పోయిన యేట వాయిదాలు వదలివేయుట గ్రామములలో నెఱుగనిది కాదు. మచ్చ పడునది కుమారుని పేరిట. స్నేహితునకు పూచీ సంతకము చేసిన యువకునకును అదే గతి. వాడెగవేసిన బాకీ వీని ఆవర్జాకెక్కును. కొంత తగ్గించి రాజీకి తెచ్చుకొని లాభపడితిమని సంతోషించువారు, ఆ ఖాతాపై పూర్తిగా చెల్లించినట్లు గాక రాజీపడినట్లే వ్రాయుదురని తెలిసికొనవలెను. ఈ మచ్చ ఋణమునకు మాత్రమే అడ్డు వచ్చునని తలంపరాదు. ప్రభుత్వరంగ బ్యాంకొకటి అప్పుల చరిత్ర బాగుండలేదన్న కారణమున ఒక అభ్యర్థి నియామకమును రద్దు చేయగా, 2025లో మదరాసు హైకోర్టు ఆ చర్యను సమర్థించినది. బాకీలన్నియు తీర్చితినని అభ్యర్థి మొఱపెట్టుకొన్నను ఫలము లేకపోయెను. ఈ తీర్పు కఠినమని మా యభిప్రాయము. పరీక్ష నెగ్గి వచ్చినవాడు తీర్చివేసిన బాకీకి బ్రతుకుతెరువు పోగొట్టుకొనుట శిక్షకు మించిన శిక్ష.

విదేశవిద్యకై లక్షలు తెచ్చు కుటుంబములకు ప్రత్యేకముగా నొక మాట. విద్యాఋణమున తండ్రి సహఋణగ్రహీత; వాయిదా తప్పిన ఇద్దఱి పేళ్లను వ్రాయుదురు. చదువు ముగిసిన సంవత్సరమునకు వాయిదాలు సాధారణముగా మొదలగును; ఉద్యోగము వచ్చినను రాకున్నను మొదలగును. అమెరికా చేరినవాని కిచ్చటి చరిత్ర సాధారణముగా అచ్చట పనికిరాదు, క్రొత్తగా కట్టుకొనవలసినదే. ఆ దేశమున ఇరువదియొక్క యేండ్లు నిండనివానికి స్వంత సంపాదనగాని పూచీదారుగాని లేనిదే కార్డు ఈయరాదని 2009లో చట్టము చేసిరి. అట్టి కట్టుబాటు మనకును అవసరమే.

ప్రతివారికిని సంవత్సరమున కొకమారు తమ ఋణచరిత్ర సంపూర్ణ నివేదికను ఆ నాలుగు సంస్థలలో ప్రతియొకటియు ఉచితముగా నీయవలెను. ఈ హక్కు 2017 జనవరి నుండి కలదు. తీర్చిన బాకీ తీరనట్లున్నను, పరుల బాకీ తమ పేర నెక్కినను ఫిర్యాదు చేయవచ్చును. ముప్పది దినములలో సవరింపనిచో దినమునకు నూఱు రూపాయల చొప్పున పరిహారము చెల్లింపవలెనని 2024 ఏప్రిలునుండి నియమము అమలులోనికి వచ్చినది. భూమి అడంగలు నకలును మఱవక తీసి చూచుకొను రైతు, బిడ్డ పేరిటి ఈ నకలును గూడ యేటేట తీయింపవలెను.

క్రొత్తగా ఋణము తీసికొనునపుడు అన్ని ఖర్చులు కలిపి వడ్డీ సాలుకు ఎంత పడునో తెలుపు ముఖ్యాంశముల పత్రము నీయవలెనని 2024 ఏప్రిలులో రిజర్వు బ్యాంకు ఆదేశించినది. ఆ పత్రము ఋణగ్రహీతకు అర్థమగు భాషలో నుండవలెననియు అందులోనే కలదు. తెలుగు ప్రతి నడుగుటకు మనవారేల సంకోచింతురో తెలియదు. వారమునకు తగ్గని గడువు గల ఋణమున కా పత్రములోని షరతులు కనీసము మూడు పనిదినములు నిలిచియుండవలెను. అనగా దానిని ఇంటికి తెచ్చి, రాత్రి భోజనములైన పిదప బిడ్డచేత బిగ్గరగా చదివించుకొని, డ్వాక్రా పుస్తకము వ్రాయు తల్లి నడుగు ప్రశ్నలకు జవాబులు చెప్పించుకొని, మూడవనాడు పోయి సంతకము చేయుటకు వ్యవధి చాలినంత కలదు.