ఒకే పేరు, వేర్వేరు చేపలు

బ్రెజిల్ ఆదివాసుల టుపి భాషలో 'పిరా' అంటే చేప. ఆ మాటతో మొదలయ్యే 'పిరాన్హా' అనే పేరును ఒకే చేప పేరుగా మనం వాడుతున్నాం. నిజానికి అది దక్షిణ అమెరికా నదులలో జీవించే ముప్పైకి పైగా జాతుల ఉమ్మడి పేరు. పేరు ఒకటే కదా అని వేర్వేరు జాతులను ఒకే అక్వేరియంలో ఉంచవచ్చునా? ఈ చేపలను పెంచేవారికి తరచు కలిగే సందేహమిది. సమాధానం ఆ నదులలోనే ఉంది.

ఎర్రపొట్ట పిరాన్హా ముఖ్యంగా అమెజాన్, పరాగ్వే నదులది. దాని దగ్గరి బంధువులలో కరీబా ఒరినోకో నదిది, పిరయా తూర్పు బ్రెజిల్‌లోని సావో ఫ్రాన్సిస్కో నదిది. ఈ మూడూ గుంపులుగా తిరిగే చేపలు. నల్ల పిరాన్హా తీరు వేరు. పెద్దదైన కొద్దీ అది ఒంటరితనాన్నే కోరుతుంది. దాని వర్గంలోని పెక్కు జాతులు ఇతర చేపల రెక్కలను, పొలుసులను కొరికి తింటాయి. నదిలో గాయపడిన చేప తప్పించుకొని దూరంగా పోతుంది. తెగిన రెక్క క్రమంగా మళ్ళీ పెరుగుతుంది. గాజు పెట్టెలో పారిపోయేందుకు చోటెక్కడ?

గుంపుగా తిరిగేవాటి మధ్యనైనా స్నేహముందనుకోవడం పొరపాటు. అమెరికా మాజీ అధ్యక్షుడు థియోడర్ రూజ్వెల్ట్ తన బ్రెజిల్ యాత్రపై 1914లో వెలువరించిన గ్రంథం పిరాన్హాకు భయంకరమైన కీర్తి తెచ్చిపెట్టింది. గుంపు కట్టేది వేటకేనని లోకం నమ్మింది. కాని 2005లో ప్రచురితమైన ఒక పరిశోధనలో, ఎనిమిదింటి గుంపులో ఉన్న ఎర్రపొట్ట పిరాన్హాల కంటే రెండే ఉన్నప్పుడు అవి వేగంగా శ్వాసించినట్లు తేలింది. మొసలి జాతి జంతువులకు, నది డాల్ఫిన్లకు, పెద్ద పక్షులకు ఆహారం కాగల ఈ చేపకు గుంపు ఒక రక్షణ కవచం. ఆకలి వేస్తే ఆ కవచమే పోరాట స్థలమవుతుంది.

అందువల్ల నల్ల పిరాన్హాను, దాని వర్గపు చేపలను విడిగానే ఉంచాలి. మొదటి మూడు జాతులను కలిపి పెంచేవారు లేకపోలేదు. అందుకు వందలాది లీటర్ల నీరు పట్టే తొట్టి, మంచి ఫిల్టరు, 24 నుండి 28 డిగ్రీల వెచ్చదనం, వేళకు మేత కావాలి. చేపలన్నీ ఒకే పరిమాణంలో ఉండాలి. పిల్లలుగా ఉన్నప్పటి నుండే కలిసి పెరగాలి. రెండు మూడే ఉంటే కాట్లన్నీ బలహీనమైన దానిపైనే పడతాయి. ఇన్ని జాగ్రత్తలు తీసుకున్నా, నెలల తరబడి ప్రశాంతంగా ఉన్న తొట్టిలో ఒక ఉదయం సగం చేప మాత్రమే మిగలవచ్చు.

కలహం మొదలైతే ఒక చేపను బయటకు తీయక తప్పదు. దానిని ఎక్కడ ఉంచాలి? చెరువులో వదిలిపెడితే సరిపోతుందని కొందరికి తోచవచ్చు. ఇటువంటి భయంతోనే అమెరికాలోని పలు రాష్ట్రాలు పిరాన్హా పెంపకాన్ని నిషేధించాయి. అక్వేరియం వ్యాపారం ద్వారా దక్షిణ అమెరికా నుండి మన దేశానికి వచ్చిన సక్కర్ చేప నేడు ఆంధ్రప్రదేశ్ జలాశయాలలోనూ పెరిగి, వలలు చింపి జాలరులను నష్టపరుస్తోంది. దానిని నీటిలో వదిలినవారు కూడా జాలిపడే వదిలి ఉంటారు.

రెండో జాతి చేపను కొనేముందు రెండో తొట్టికి ఇంట్లో చోటుందా అని చూసుకోండి. లేదనిపిస్తే, ఉన్న జాతితోనే తృప్తిపడటం మీకూ, చేపలకూ, మీ ఊరి చెరువుకూ క్షేమం.