వృద్ధులను వేరుచేసిన ఫోను
కరోనా తగ్గినా తీరని ఇబ్బంది

2020 మార్చి 25న దేశమంతటా లాక్‌డౌన్ మొదలైనప్పుడు పల్లెల్లో ముందుగా బోసిపోయినవి రచ్చబండలు, గుడి అరుగులు. టీ కొట్టు వద్ద చేరి ఒకరు పేపరు చదువుతుంటే పదిమంది వినే అలవాటు ఆగిపోయింది. అరవై ఏళ్లు పైబడినవారికి ముప్పు ఎక్కువని వైద్యులు హెచ్చరించడంతో వృద్ధులు గడప దాటలేదు. బస్సులు, రైళ్లు నిలిచిపోయి పట్నాల్లోని పిల్లలు రాలేకపోయారు.

అప్పుడు మిగిలిన దారి ఫోను ఒక్కటే. చాలామంది ముసలివారి చేతిలో ఉన్నది బటన్ల ఫోను. వచ్చిన ఫోను ఎత్తడం తప్ప మిగతావి వారికి తెలియవు. రీచార్జి అయిపోతే చేయించే దిక్కు లేదు.

2021 మార్చి 1 నుంచి వృద్ధులకు టీకాలు మొదలయ్యాయి. కోవిన్‌లో పేరు నమోదుకు ఫోనుకు వచ్చే ఓటీపీ కావాలి. నేరుగా కేంద్రానికి వెళ్లినా నమోదు చేస్తారన్న సంగతి అందరికీ చేరలేదు. ఇంటర్నెట్ లేని పల్లె ప్రజల మాటేమిటని ఆ ఏడాది మే 31న సుప్రీంకోర్టు కేంద్రాన్ని ప్రశ్నించింది. ముందస్తు నమోదు తప్పనిసరి కాదని జూన్‌లో కేంద్రం స్పష్టం చేసింది.

పింఛన్ల విషయంలో అనుభవం వేరు. ఆంధ్రప్రదేశ్‌లో 2020 ఫిబ్రవరి నుంచే పింఛను ఇంటికి వచ్చేది. లాక్‌డౌన్‌లో వేలిముద్ర బదులు ఫొటో తీసుకుని డబ్బు ఇచ్చారు. మనిషి గడపకు వస్తే ఫోను లేకపోయినా పని జరుగుతుందనీ, అవసరమైతే నిబంధన సడలించవచ్చుననీ దీనితో రుజువైంది.

కరోనా అత్యవసర పరిస్థితి ముగిసిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మే 5న ప్రకటించింది. ఓటీపీ మాత్రం పోలేదు. బ్యాంకు, గ్యాసు, ఆధార్ పనులన్నీ ఫోనుతో ముడిపడ్డాయి. కాయకష్టంతో అరిగిన వేళ్లకు ముద్ర పడదు. ఓటీపీ ఇతరులకు చెబితే ఖాతాలో డబ్బు పోయే ప్రమాదం ఉంది. చెప్పకపోతే పని కాదు.

పంచాయతీ కార్యాలయంలో వారానికొక పూట వృద్ధుల పనులకే కేటాయించడం కష్టం కాదు. హైస్కూలు పిల్లలు సెలవుల్లో తాతలకు, అవ్వలకు ఫోను నేర్పవచ్చు. ఇబ్బందుల్లో ఉన్న వృద్ధుల కోసం 14567 ఉచిత ఫోను నంబరు ఉంది. ఈ నంబరును పంచాయతీ గోడపై పెద్ద అక్షరాలతో రాయించాలి. కదలలేనివారి వద్దకు మాత్రం మనిషే వెళ్లాలి. మళ్లీ అలాంటి జబ్బు వస్తే ఊళ్లో ఎవరు ఒంటరిగా ఉన్నారో తెలిపే జాబితా పంచాయతీ వద్ద ఇప్పుడే ఉండాలి.