లినక్సుకు మారవచ్చునా?

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సంస్థ అందించే సాధారణ మద్దతు ముగిసింది. నమోదు చేసుకొన్నవారికి రక్షణ సవరణలు మరొక ఏడాది లభించే ఏర్పాటు జరిగినా, అది తాత్కాలికమైన ఊరట మాత్రమే. విండోస్ 11 నడవాలంటే టి.పి.ఎం. 2.0 అనే రక్షణ సాధనమూ, కొత్త తరం ప్రాసెసరూ ఉండాలి. 2017కు ముందు తయారైన యంత్రాలు దాదాపు అన్నీ ఈ పరీక్షలో తప్పినవే. తెర చెక్కుచెదరలేదు, మీటలు అరగలేదు. అయినా కంప్యూటరు పనికిరానిదైంది! పిల్లల చదువు కోసం కూడబెట్టి కొన్న వస్తువును మూలన పడవేయడానికి మధ్యతరగతి గృహస్థునికి మనసొప్పదు. లినక్సు మాట ఇప్పుడు సామాన్యుల ఇళ్లలోనూ వినబడడానికి కారణం ఇదే.

ఫిన్లాండ్‌లో హెల్సింకి విశ్వవిద్యాలయ విద్యార్థి లినస్ టోర్వాల్డ్స్ 1991లో, ఇరవైయొక్క ఏళ్ల వయస్సులో, సరదాకు ఆరంభించిన పని ఇది. ఇది వెల లేనిది. ఎవరైనా తీసుకోవచ్చు, మార్చవచ్చు, పంచవచ్చు. లినక్సు తనకు తెలియదనే వ్యక్తి జేబులోని ఆండ్రాయిడ్ ఫోనుకు మూలం దాని కెర్నెలే.

అయితే కొత్తవారికి ఇది కష్టం కాదా? కేరళలో 2001లో ఆరంభమై, 2017లో కైట్ సంస్థగా రూపొందిన పథకం కింద ప్రభుత్వ పాఠశాలల పిల్లలు లినక్సు మీదనే కంప్యూటరు పాఠాలు నేర్చుకొంటున్నారు. పసివారికి రానిది పెద్దలకు రాదనడం సరికాదు. కాని ఒక తేడా ఉన్నది. ఆ పిల్లల యంత్రాన్ని వేరెవరో సిద్ధం చేసి ఇస్తారు. పక్కన ఉపాధ్యాయుడు ఉంటాడు. అసలు కష్టం వాడకంలో లేదు. మొదటి రోజు స్థాపించుకోవడంలోనూ, చిక్కు వచ్చినప్పుడు అడగడానికి మనిషి లేకపోవడంలోనూ ఉన్నది.

ఉత్తరాలు రాసుకోవడానికీ, బ్యాంకు పనులకూ, సినిమాలు చూడడానికీ లినక్సు చాలును. యూనికోడ్ తెలుగు చక్కగా కనబడుతుంది. ఇన్‌స్క్రిప్ట్ మీటల అమరికా ఉన్నది. జీవనోపాధి దానిమీదనే ఆధారపడినవారి సంగతి వేరు. శుభలేఖలు, కరపత్రాలు కూర్చే డి.టి.పి. పనివారు పేజ్‌మేకరునూ, అను ఫాంట్లనూ నమ్ముకొని బతుకుతున్నారు. పేజ్‌మేకరుకు లినక్సు రూపం లేదు. ఆ ఫాంట్లతో టైపు చేసే సాధనాలు విండోస్ కోసం పుట్టినవి. ఏళ్ల తరబడి దాచిన పాత ఫైళ్లు మరొకచోట అర్థంలేని అక్షరాలుగా తేలవచ్చు. ట్యాలీలో పద్దులు రాసే గుమాస్తాకూ, ఫోటోషాప్ వాడే స్టూడియో యజమానికీ ఇదే ఇబ్బంది. వైన్ వంటి ఉపాయాలు లేకపోలేదు గాని, రేపటి ఉదయానికి పని అప్పగించవలసిన మనిషి ఉపాయాలతో ప్రయోగాలు చేయరాదు. అట్టివారు విండోస్‌ను వదలకుండుటే మంచిది.

తక్కినవారు వెంటనే మారనవసరం లేదు, చూడవచ్చు. లినక్స్ మింట్ వంటి దానిని ఒక పెన్‌డ్రైవులోకి ఎక్కించి, అక్కడినుండే కంప్యూటరును నడపవచ్చు. లోపలి విండోస్ యథాతథంగా ఉంటుంది. కొంత నెమ్మదిగా నడుస్తుంది, అంతే. వైఫై అందుతున్నదా, ప్రింటరు పలుకుతున్నదా, ధ్వని వస్తున్నదా అని నాలుగు రోజులు పరిశీలించాలి. స్థాపించేటప్పుడు డిస్కునంతా తుడిచివేయమంటారా అనే ప్రశ్న ఎదురవుతుంది. అక్కడ తొందరపడి ఔనంటే పెళ్లి ఫోటోలతో సహా సర్వం పోతుంది. వాటి నకళ్లు ముందుగానే వేరొక డ్రైవులో, వీలైతే రెండింటిలో, భద్రపరచి, అవి తెరుచుకొంటున్నవో లేదో మరొక కంప్యూటరులో చూసుకోవాలి.