పీఆర్వో మాటకు పూచీ ఎవరిది?

పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం ఫ్యాక్టరీల్లో షిఫ్టులు చేసే తల్లిదండ్రులకు కాలేజీ అంటే ముందుగా కనిపించేది అడ్మిషన్లు తెచ్చే పీఆర్వోనే. షెడ్యూలు ప్రకటించకముందే అడ్మిషన్లు చేయొద్దని ఇంటర్ బోర్డు హెచ్చరిస్తూనే ఉన్నా, ‘ఇప్పుడు అడ్వాన్స్ కడితే ఫీజు తగ్గిస్తాం’ అనే బేరం పదో తరగతి పరీక్షలు ముగియకముందే మొదలవుతుంది. ఇక ఇంజినీరింగ్‌కు వస్తే, 70 శాతం సీట్లు కన్వీనర్ కోటావి. మిగిలిన 30 శాతాన్నీ నోటిఫికేషన్ ఇచ్చి, నిబంధనల ప్రకారమే నింపాలి. నిర్ణీత ఫీజుకు మించి వసూలు చేయడాన్ని 1983 నాటి చట్టమే నిషేధించింది. అలాంటప్పుడు ‘కంప్యూటర్ సైన్స్ సీటు ఖాయం’ అని ముందే చెప్పే హక్కు పీఆర్వోకు ఎక్కడిది? ఇంట్లో తొలిసారి కాలేజీ మెట్లెక్కే పిల్లలకు దారి చూపేది వీళ్లే కదా అనొచ్చు. నిజమే, ఆ అవసరం ఉంది. కానీ తలకు ఇంత అని కమీషన్ తీసుకునేవాడు ఆ పిల్లలకు ఏ కోర్సు సరిపోతుందో చెప్పడు, ఏ సీటు మిగిలిందో చెబుతాడు. తల్లిదండ్రులే విచారించుకోవాలన్న వాదనా నిలవదు. అనుబంధ గుర్తింపు, అధ్యాపకుల ఖాళీలు, అసలు ఫీజు తెలిసింది కాలేజీకే. తప్పు బయటపడ్డాక ‘వాడు మా మనిషి కాదు’ అనడం యాజమాన్యాలకు అలవాటే. అందుకే పీఆర్వోల పేర్లు బోర్డు దగ్గర, యూనివర్సిటీ దగ్గర నమోదు కావాలి, కమీషన్ స్థానంలో జీతం రావాలి, ప్రతి హామీ కాలేజీ ముద్రతో కాగితం మీదికెక్కాలి. సీటు అమ్మినవాడి మాట తప్పితే జరిమానా పడాల్సింది ఆ మాటతో లాభపడిన యాజమాన్యానికే.