వేలం సొమ్ముతో ఊరి బాగా?

బాల్కొండ ప్రాంతంలో 'కమిటీ' అన్న మాట వినబడితే ఏ కమిటీ అని ఎవరూ అడగరు. అది గ్రామాభివృద్ధి కమిటీయే. వీడీసీ అంటే చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఆర్మూరు, బాల్కొండ, మోర్తాడ్ పల్లెల్లోనే కాక గోదావరి దాటి నిర్మల్ వైపు, తూర్పున జగిత్యాల వైపు కూడా ఈ కమిటీలదే నడుస్తోంది. కులానికి ఒకరో ఇద్దరో పెద్దలు అందులో కూర్చుంటారు. కొన్ని ఊళ్లలో ముస్లిములను కూడా ఒక కులంగా లెక్కగట్టి మనలో ఒకరికి చోటిస్తారు. మరికొన్ని ఊళ్లలో ఆ చోటూ లేదు. చట్టం ఈ కమిటీని ఎరుగదు. దానికి ఓటింగు లేదు, ప్రభుత్వ ఆడిట్ లేదు. అయినా సర్పంచ్ మాట ఆగిపోయిన చోట కమిటీ మాట చెల్లుతుంది.

ముందుగా న్యాయమైన మాట చెప్పుకోవాలి. ఈ కమిటీల వల్ల ఊళ్లకు మేలే జరగలేదనడం అబద్ధమవుతుంది. 1963 జూలై 26న పోచంపాడు దగ్గర నెహ్రూ శంకుస్థాపన చేసిన శ్రీరాంసాగర్ ప్రాజెక్టు ఈ నేల పక్కనే ఉంది. పసుపు, మక్క, ఎర్రజొన్న పండించే రైతులు ప్రతి పనికీ సర్కారు గుమ్మం ముందు నిలబడటం ఇష్టంలేక తమలో తాము చందాలు వేసుకున్నారు. బడికి గదులు, బావికి మోటారు, వీధికి దీపాలు అలా వచ్చినవే. కోర్టుకెక్కితే ఏళ్లు పట్టే గట్టు తగాదా కమిటీ ముందు ఒక్క సాయంత్రంలో తెగిపోతే సామాన్యునికి అది తక్కువ మేలేమీ కాదు. ఊరంతా కలిసి కూర్చుని ఊరి మంచిచెడ్డలు మాట్లాడుకోవడాన్ని ఇస్లాం ఎంతో మెచ్చుకుంటుంది. సంప్రదింపులు (షూరా) విశ్వాసుల గుణమని దివ్య ఖుర్ఆన్ చెప్పింది.

అయితే ఆ సొమ్ము ఎక్కడి నుంచి వస్తోంది?

చందాలు పాతబడ్డాయి. ఇప్పుడు హర్రాజు నడుస్తోంది. ఊళ్లో బెల్టుషాపు ఎవరు నడపాలన్న దానికి కమిటీ ముందు పాట పెడతారు. ఎక్కువ పాడిన వానికి ఏడాది హక్కు. పాట లక్షల్లోకి పోతుంది. బెల్టుషాపుకు లైసెన్సు అన్నదే ఉండదు, అది చట్టవిరుద్ధమైన అమ్మకం. కొన్నిచోట్ల ఇసుక, కోడిమాంసం కూడా పాటకెక్కుతున్నాయి. కమిటీకి కట్టిన లక్షలను పాట పాడినవాడు తన ఇంట్లోంచి తీసి ఇవ్వడు కదా! సీసా ధర మీద వేసి రాబట్టుకుంటాడు. ఆ సీసా కొనేవాని ఇంట్లో భార్య పొద్దున్నుంచి చాట ఒళ్లో పెట్టుకుని తునికాకు కత్తిరిస్తూ, బీడీలు చుడుతూ ఉంటుంది. కార్ఖానాలో ఆమెకు లెక్కగట్టి ఇచ్చిన కూలి సాయంత్రానికి బెల్టుషాపుకు, అక్కడి నుంచి కమిటీ ఖాతాకు చేరుతుంది. చివరికి సిమెంటు రోడ్డై ఆమె గుమ్మం ముందుకు వస్తుంది. దానికి ఊరి అభివృద్ధి అని పేరు!

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట మొదలుకొని పల్లెల ఆడవాళ్లు సారా వేలంపాటలను అడ్డుకున్న సంగతి పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది. 1993 అక్టోబరులో సారా నిషేధం వచ్చింది, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో అది సడలిపోయింది. ఆనాడు పాట పెట్టింది సర్కారు, అడ్డుకున్నది ఊరు. ఇప్పుడు పాట పెడుతున్నదే ఊరు. అడ్డుకునేదెవరు?

దీనిపై ఊళ్లలో వినవచ్చే అభిప్రాయాలు ఒక తీరుగా లేవు. 'ఎట్లాగూ తాగేవాడు తాగుతాడు, ఆ సొమ్ము ఊరికి పనికొస్తే నష్టమేమిటి?' అనేవారు ఎక్కువ. 'రోడ్డు పడింది, నల్లా వచ్చింది, ఇంకేం కావాలి?' అని మరికొందరు. చదువుకున్న యువకులు లెక్కలు అడగాలంటారు, అడిగినవాని మీద జరిమానా పడుతుందని వారే ఊరుకుంటారు. ఇక మన ఇళ్లలో వినబడే మాట వేరు: 'మనం పదిళ్ల వాళ్లం. ఊరితో వైరం మనకెందుకు?' ఈ మాటను ఎగతాళి చేసే ఉద్దేశం మాకు లేదు. ఇంటి మగవాడు దుబాయిలోనో మస్కట్‌లోనో ఉండగా, పిల్లలతో ఊళ్లో ఒంటరిగా కాపురం చేసే సోదరి భయం నిజమైన భయమే. కానీ ఆ భయం వెనుక మరో ఆశ కూడా దాగి ఉండటం మేము చూస్తున్నాం. ఖబరస్తాన్ ప్రహరీకో, మస్జిద్ ముందు షెడ్డుకో కమిటీ కొంత ఇస్తానంటుంది. గుడికి ఇచ్చినప్పుడు మనకూ ఇవ్వాలి కదా అని మనవాళ్లే అడుగుతారు. వాటా అడిగిన నోరు లెక్క అడగలేదు.

మక్కాలో ఖురైషులు కాబా గృహాన్ని తిరిగి కట్టిన సందర్భాన్ని ఇక్కడ గుర్తుచేసుకుందాం. అప్పటికి ముహమ్మద్ (స) వారికి ప్రవక్త పదవి రాలేదు. వయసు సుమారు 35 ఏళ్లు. కట్టేవారు విగ్రహారాధకులు, వారిలో వడ్డీ వ్యాపారులున్నారు, తాగుబోతులున్నారు. అయినా ఈ ఇంటికి వ్యభిచారపు సొమ్ము, వడ్డీ సొమ్ము, ఎవరినైనా పీడించి లాక్కున్న సొమ్ము చేర్చరాదని వారు తీర్మానించుకున్నారు. శుద్ధమైన సంపాదన మాత్రమే పోగుచేస్తే అది చాలలేదు. చాలకపోతే కట్టడాన్ని కుదించుకున్నారు. ఒక పక్క కొంత స్థలం గోడకు బయట మిగిలిపోయింది. అదే హతీమ్. నిజామాబాద్, బోధన్ల నుంచి హజ్‌కు వెళ్లివచ్చిన ప్రతి హాజీ ఆ అర్ధచంద్రాకారపు గోడ బయటి నుంచే తవాఫ్ చేసి వచ్చాడు. అజ్ఞాన కాలపు మనుషులు కాబానే చిన్నదిగా కట్టడానికి ఒప్పుకున్నారు గాని అపవిత్రమైన సొమ్ముకు ఒప్పుకోలేదు. మన ఖబరస్తాన్ ప్రహరీ అంతకన్నా అవసరమైనదా? మద్యం విషయంలో తాగేవానినే కాదు, అమ్మేవానిని, మోసేవానిని, దాని వెల తినేవానిని కూడా దైవప్రవక్త (స) శపించారన్న సంగతి మనకు తెలియనిది కాదు.

సొమ్ము విషయం ఇలా ఉంటే, బహిష్కరణ విషయం ఇంకా బరువైనది.

కమిటీ మాట వినని కుటుంబాన్ని, అడిగిన సొమ్ము కట్టని కులాన్ని ఊరి నుంచి వెలివేసిన వార్తలు ఈ జిల్లా నుంచి ఏళ్లుగా వస్తూనే ఉన్నాయి. కల్లుగీత కుటుంబాలను వెలివేశారన్న వార్తలు 2025లో కూడా పత్రికలకెక్కాయి. వెలి అంటే ఏమిటో పట్టణంలో ఉన్నవారికి సరిగా తెలియకపోవచ్చు. కిరాణా దుకాణంలో ఉప్పు పుట్టదు. మంగలి గడ్డం గీయడు. ట్రాక్టరు కిరాయికి రాదు, కూలికి ఎవరూ పిలవరు. మాట్లాడిన వానికీ జరిమానా. ఆ తాఖీదు పంక్చరు దుకాణం నడిపే, వెల్డింగు చేసే, కోళ్లు అమ్మే మన సోదరునికీ వస్తుంది. పొద్దున ఒకడు బండి తోసుకుంటూ వచ్చి గాలి పెట్టమంటాడు. పదేళ్లుగా తెలిసినవాడే. ఏం చేయాలి?

'కల్లు మనకు నిషిద్ధం, గీతవాళ్ల గొడవ మనకెందుకు?' అని కొందరు తేలికగా అనేస్తారు. కల్లు నిషిద్ధమన్న మాట నిజమే. కానీ కమిటీ ఆ కుటుంబాలను వెలివేసింది కల్లు పాపమని కాదు. అదే కమిటీ బెల్టుషాపుకు పాట పెట్టింది! కోపం వచ్చింది డబ్బు కట్టలేదని. ఒక జాతి మీద ఉన్న ద్వేషం సైతం మిమ్మల్ని న్యాయం తప్పేలా చేయరాదని ఖుర్ఆన్ హెచ్చరించింది. ఒకని వృత్తి మనకు సమ్మతం కాకపోవచ్చు, అంతమాత్రాన వాని పిల్లలకు పాలు అందకుండా చేసే హక్కు ఎవరికీ రాదు.

బహిష్కరణ బాధ తెలియని సమాజం కాదు మనది. మక్కా ఖురైషులు బనూ హాషిం వంశాన్ని వెలివేసి, అమ్మకాలు కొనుగోళ్లు బంద్, పెళ్లి సంబంధాలు బంద్ అని రాసి ఆ పత్రాన్ని కాబాలో వేలాడదీశారు. షిఅబె అబీ తాలిబ్ లోయలో మూడేళ్లు అలా గడిచాయి. వెలివేయబడిన వారిలో విశ్వాసులే కాదు, ఇస్లాం స్వీకరించని బంధువులూ ఉన్నారు. ఆకులు నమిలారు. ఆకలికి పిల్లలు ఏడిస్తే లోయ బయటికి వినబడేది. ఆ వెలిని తెంచింది ఎవరు? అయిదుగురు మనుషులు. ఆ రోజున వారిలో ఒక్కరూ ముస్లిం కాదు. మొదట హిషాం ఒక్కడే కదిలాడు, జుహైర్ దగ్గరికి పోయాడు. తర్వాత ముత్ఇమ్ బిన్ అదీ, అబుల్ బఖ్తరీ, జమ్ఆ కలిశారు. రాత్రిపూట ఊరి చివర కూడి మాట అనుకున్నారు. తెల్లవారి కాబా దగ్గర సభలో ఒకరు లేచి ఇది అన్యాయమన్నారు, వేర్వేరు చోట్ల కూర్చున్న మిగతావారు ఒకరి తర్వాత ఒకరు అవునన్నారు. ఇది రాత్రే కూడబలుక్కున్న మాట అని అబూజహల్ పసిగట్టాడు గాని అప్పటికే ఆలస్యమైంది. పత్రాన్ని దింపబోతే దాన్ని చెదపురుగులు తినేసి ఉన్నాయి. ముత్ఇమ్ విశ్వసించకుండానే మరణించాడు. అయినా బద్ర్ ఖైదీల విషయంలో, అతడే బ్రతికి ఉండి అడిగితే వారిని వదిలేసేవాడినని ప్రవక్త (స) అన్నారు.

పంక్చరు దుకాణం సోదరుడు ఒక్కడే కమిటీని ఎదిరించాలని మేము అనడం లేదు. ఒక్కనికి అది సాధ్యం కాదు. ఊళ్లో న్యాయం తెలిసిన అయిదుగురు దొరకరా? వారు మనవాళ్లే కానక్కరలేదు. రైతు కావచ్చు, పంతులు కావచ్చు, కమిటీలోనే కూర్చుని లోలోపల ఇష్టపడని పెద్దమనిషి కావచ్చు. బోధన్ దాటితే వచ్చే మహారాష్ట్ర 2016లోనే సాంఘిక బహిష్కరణను నేరం చేస్తూ ప్రత్యేక చట్టం చేసింది. మన శాసనసభలో కూర్చునే నాయకులు ఎన్నికల ముందు ముందుగా కలిసేది వీడీసీ పెద్దలనే. ఊరి ఓట్లు గంపగుత్తగా ఇప్పించే పెద్దల మీద వారు చట్టం తెస్తారని ఊరికే కూర్చుని ఎదురుచూడలేం.

కమిటీ అన్నదే వద్దనడం మా ఉద్దేశం కాదు. యెమెన్ ప్రాంతపు వ్యాపారి ఒకనికి మక్కాలో సరుకు వెల ఎగ్గొడితే, అబ్దుల్లాహ్ బిన్ జుద్ఆన్ ఇంట్లో పెద్దలు కూడి పీడితుని పక్షాన నిలుస్తామని ప్రమాణం చేసుకున్నారు. అదే హిల్ఫుల్ ఫుజూల్. యువకుడైన ముహమ్మద్ (స) అందులో పాల్గొన్నారు. ఇప్పుడు పిలిచినా వస్తానని ప్రవక్త అయిన తర్వాత కూడా చెప్పారు. ఒకే ఊరి పెద్దలు ఒక ఇంట్లో కూర్చుని పరదేశికి న్యాయం చేశారు, మరోనాడు కూర్చుని సొంత బంధువుల అన్నం ఆపారు. మన ఊరి కమిటీలో కూర్చున్న మన ప్రతినిధి వీటిలో ఏ సభలో ఉన్నాడో అతని ఇంటివాళ్లయినా అడగాలి. (లెక్కల మాట వచ్చింది కనుక పట్టణాల్లోని మస్జిద్ కమిటీల సదర్ సాబులకు ఒక మనవి: జమాఖర్చులు ఏడాదికోసారైనా బోర్డు మీద అతికించండి. వీడీసీని లెక్క అడిగే హక్కు మనకు అప్పుడే దక్కుతుంది.)

గ్రామ పంచాయతీల పదవీకాలం 2024 ఫిబ్రవరి నాటికి ముగిసిపోయి, 2025 డిసెంబరులో మూడు విడతలుగా ఎన్నికలు జరిగేదాకా ఊళ్లు ప్రత్యేకాధికారుల చేతుల్లో ఉన్నాయి. సర్పంచే లేని ఆ కాలంలో కమిటీలకు అడ్డెవరు? ఇప్పుడు సర్పంచులున్నారు, వార్డు సభ్యులున్నారు, స్థానాల్లో సగం ఆడవారివి. 2018 పంచాయతీరాజ్ చట్టం రెండు నెలలకోసారి గ్రామసభ పెట్టాలంటోంది. ఊరి ఓటర్ల జాబితాలో పేరున్న ప్రతివారూ ఆ సభలో సభ్యులే. అక్కడికి కులానికి ఒకరు పోవడం కాదు, ఇంటింటి నుంచీ పోవచ్చు. ఖబరస్తాన్ ప్రహరీ కావాలంటే అక్కడ పంచాయతీ నిధుల నుంచి రాతపూర్వకంగా అడగండి, దరఖాస్తు ముట్టినట్లు సంతకం తీసుకోండి. బెల్టుషాపు మూయాలన్న తీర్మానాన్ని కూడా అక్కడే పెట్టమనండి. మగవాళ్లు గల్ఫ్‌లో ఉన్న ఇళ్ల నుంచి ఆడవాళ్లే వెళ్లాలి. బీడీ కార్ఖానాకు కలిసి నడిచిపోయే ఇరుగుపొరుగు ఆడవాళ్లు, ఏ కులంవారైనా సరే, గ్రామసభకు కూడా కలిసే పోవచ్చు.